ముఖమున నూనె – మొటిమల పుట్టుక

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులయందు చేసిన ప్రసంగ పాఠము)



రోడ్లను గురించి, మంచినీటిని గురించి మాటలాడవలసిన ఈ వేదికపై మొటిమల ప్రస్తావన యేల వచ్చెనని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. ఇటీవల నొక గ్రామమున సభ ముగిసిన పిదప ఒక రైతు నన్ను ప్రక్కకు పిలిచి, పదవ తరగతి చదువుచున్న తన కుమార్తె నెల దినములుగా బడికి పోవుట లేదని చెప్పెను. ముఖము నిండ మొటిమలు. శుభ్రము లేని పిల్లయని తోడివారు ఎగతాళి చేసిరట. ఆ బాలిక దినమునకు ఆరేడు మారులు సబ్బుతో ముఖము రుద్దుకొనెను. అది చాలక, ఎవరో చెప్పగా, మందుల దుకాణమునుండి ఒక ట్యూబు తెప్పించి పూసుకొనెను. మొదట కొంత నునుపు వచ్చినది. తరువాత ముఖమంతయు ఎర్రబారి మంట పుట్టినది. ఆ పిల్ల చేసిన తప్పేమియు లేదు. మొటిమ మురికివలన పుట్టునని మనమందరము నమ్ముచున్నామే, తప్పు ఆ నమ్మకమునందున్నది.

మన చర్మమున రోమకూపముల నంటిపెట్టుకొని సన్నని తైలగ్రంథులు కలవు. అరచేతులయందు, అరికాళ్లయందు ఇవి లేవు. ముఖమున, తలపై మిక్కిలి దట్టముగా, చదరపు సెంటిమీటరునకు 400 మొదలు 900 వరకు ఉండును. ఇవి స్రవించు నూనెను వైద్యులు సెబమ్ అందురు. చర్మమును మెత్తగా ఉంచుటకు అది తోడ్పడును. కావున అది మనకు శత్రువు కాదు. బాల్యమున ఈ గ్రంథులు మందముగా పనిచేయును. యౌవనారంభమున పురుష హార్మోనులు హెచ్చగానే అవి పెద్దవై నూనెను విస్తారముగా స్రవించును. పేరు పురుష హార్మోనులే గాని, ఆడపిల్లల శరీరమునందును అవి కొలదిగా నుండును. అమెరికా శాస్త్రజ్ఞుడు హామిల్టన్ 1941లో దీనిని స్పష్టపరచెను. యౌవనమునకు ముందే వృషణములు కోల్పోయినవారికి మొటిమలు రావనియు, ఆ హార్మోనును మందుగా నిచ్చినచో వారిలోను మొటిమలు పుట్టుననియు ఆయన చూపెను. నూనె పుట్టునది ఇంత లోపల. పైన రుద్దిన సబ్బు అక్కడికి చేరదు.

అయితే నూనె యొక్కటియే మొటిమ కాదు. ముఖము జిడ్డుగా నున్నను మొటిమ యెరుగనివారు మన మధ్య చాలమంది కలరు. రోమకూపపు లోగోడనుండి రాలు మృతకణములు సాధారణముగా నూనెతోపాటు వెలికి వచ్చును. కొందరిలో అవి ఒకదానికొకటి అంటుకొని, నూనెతో కలిసి, ద్వారమున బిరడావలె బిగిసికొనును. పంటకాలువ తూమువద్ద చెత్త అడ్డుపడినప్పుడు జరుగునది మీకు నేను చెప్పనక్కరలేదు. ఎగువనుండి నీరు వచ్చుచునే యుండును, తుదకు గట్టు తెగును. ఇక్కడను అంతే. కూపపు నోరు తెరచియున్నచో నల్లని చుక్క కనబడును. దానిని మట్టి యనుకొని గోకుదురు. అది మట్టి కాదు, చర్మమునకు రంగునిచ్చు మెలనిన్ అను పదార్థము చాలవరకు ఆ నలుపునకు కారణము. నోరు మూసికొన్నచో, అందరి చర్మముపైనను నివసించు ఒకానొక సూక్ష్మజీవి ఆ నూనెనే ఆహారముగా గొని వృద్ధి పొందును. ఎరుపు, వాపు, చీము అటుపిమ్మటివి. గిల్లినచో లోపలి గోడ చిట్లి, మాయని గుంటలు మిగులవచ్చును.

పకోడీలు తిన్న నూనె ముఖమునకు ఎక్కునను మాట నిజము కాదు. తీపి పదార్థములు, మైదా వంటివి మితిమీరినచో కొందరికి మొటిమలు హెచ్చునని పరిశోధనలు సూచించుచున్నవి. తలకు రాచు నూనె సంగతి వేరు. అది నుదుటిమీదికి జారినచో అక్కడి కూపములు మూసికొనుట కలదు. తల్లులు నాపై కోపగింపరాదు! తలకు నూనె మానుడని నేననుట లేదు, నుదురు తుడువుడనుచున్నాను.

దినమునకు రెండు మారులు మృదువైన సబ్బుతో కడుగుట చాలును. అంతకు మించి రుద్దినచో చర్మము రేగును. బెంజాయిల్ పెరాక్సైడు, అడాపలీన్ వంటి పూతమందులను వైద్యుని సలహాపై వాడవచ్చును. గుణము కనబడుటకు ఆరు నుండి ఎనిమిది వారములు పట్టును, ఈలోగా విసిగి మానరాదు. నూనెను బాగుగా తగ్గించునది ఐసోట్రెటినోయిన్ మాత్ర. గర్భస్థ శిశువునకు అది తీవ్రమైన హాని చేయును గనుక చర్మవైద్యుని పర్యవేక్షణ లేక ఎవరును తాకరాదు.

ఇక ఆ బాలిక పూసుకొన్న ట్యూబు. అందున్నది స్టిరాయిడు మందు. కొన్ని చర్మవ్యాధులకు అది మంచి మందే. మొటిమలపై పూసినచో కొన్నినాళ్లు వాపు నణచి, పిమ్మట చర్మమును పలుచబరచి, క్రొత్త మొటిమలను, కొందరికి ముఖముపై వెండ్రుకలను తెచ్చును. నెలల తరబడి వాడి ఒక్కమారుగా ఆపినను ముఖము మండును. అట్టివారు వైద్యుని చూడవలెను. ఇట్టి పూతమందులను అనేకము 2018లో కేంద్ర ప్రభుత్వము వైద్యుని చీటీ లేనిదే అమ్మరాని జాబితాలో చేర్చినది. అట్టి మందుల పెట్టెపై ఎడమ ప్రక్కన నిలువుగా ఎర్రని గీత ఉండును.

ఆ రైతు జేబులోనుండి పెట్టె తీసి నాకు చూపెను. గీత స్పష్టముగానే యున్నది. దాని అర్థము ఆయనకు ఎవరును చెప్పియుండలేదు. మరుసటి దినముననే బాలికను వైద్యునియొద్దకు గొనిపోవుదునని ఆయన మాట యిచ్చెను. రాబోవు గ్రామసభయందు మీరు ఇట్టి పెట్టె నొకదానిని చేతబట్టి ఆ గీతను అందరికిని చూపవలెనని, మీ గ్రామపు మందుల దుకాణదారుని కూడ ఆ సభకు పిలువవలెనని కోరుచున్నాను.