విద్య యొక్క ఋణము



స్నాతకోత్సవములందు పెద్దలు పలుకదగిన హితవచనములు అనేకములు కలవు. వానిని విడిచి, మన సీమలో పనిచేసిన ఒక మానవశాస్త్రజ్ఞుని చరిత్రమును మీకు విన్నవింపదలచితిని. ఏలయన, ఎవరివలన మనము జ్ఞానము గడించితిమో వారికి మనము ఋణపడియుందుమను ధర్మమును ఆయన ఆచరించి చూపెను. ఆయన క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్.

1909లో వియన్నా నగరమున జన్మించి, 1936లో భారతదేశమునకు వచ్చి నాగా కొండలలో పరిశోధన సాగించిన ఆయన, 1939లో ప్రపంచయుద్ధము ఆరంభమైనప్పుడు హైదరాబాదులో నుండెను. అప్పటికే ఆస్ట్రియా జర్మనీలో కలిసిపోయి యుండుటచే ఆయన శత్రుదేశీయుడుగా పరిగణింపబడి, సంస్థానపు ఎల్లలకు కట్టుబడి యుండవలసివచ్చెను. ఆ కాలమును ఆయన వృథాపుచ్చలేదు. భార్య ఎలిజబెత్తుతో కూడి అమ్రాబాదు పీఠభూమిలో, ఇనుపమొన తొడిగిన కర్రతో దుంపలు త్రవ్వుకొని జీవించు చెంచుల నడుమను, పిదప గోదావరి తీరపు పాపికొండలలో పోడు వ్యవసాయము చేయు కొండరెడ్ల నడుమను, అటుపిమ్మట ఆదిలాబాదు రాజగోండుల నడుమను వసించి, ఒక్కొక్క జాతిని గూర్చి ఒక్కొక్క మహాగ్రంథమును రచించెను.

ఆయన విధానమెట్టిదో ఒక్క ఉదాహరణమున చూడుడు. గోండుల కులదైవమగు పెర్సాపేన్ పూజలో ప్రధాన్ తెగకు చెందిన గాయకుడు కిక్రి యను తంత్రీవాద్యమును కమానుతో పలికించుచు వంశకథను గానము చేయును. దారిన పోవు అధికారికి అది కేవలము ఒక పాట. ఓపికతో కూర్చుండి విన్నవానికి అదియే ఆ సంఘమునకు శాసనము. నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు వేల్పులవారుగా ఏర్పడిన సగలను వంశవర్గములెట్లు పుట్టినవో, ఎవరు ఎవరికి సోదరులో, ఎవరితో వియ్యము తగునో, ఎవరితో తగదో ఆ కథలే చెప్పును. అక్షరము లేనివారికి చరిత్ర లేదని తలచువారి అజ్ఞానమును ఆ కిక్రి స్వరమొక్కటియే ఖండింపజాలును.

కాని ఆయన పాటలు వ్రాసికొని మరలిపోయిన పండితుడు కాడు. అడవిని ప్రభుత్వము గిరిగీసి హద్దులు నాటగా, తరతరములుగా దున్నుకొన్న పొలములే గోండులకు నిషిద్ధములయ్యెను. పట్టాలు లేని భూములు వలసవచ్చిన వారి పాలయ్యెను. ఆ దుఃఖమునుండియే గోండు నాయకుడగు కొమురం భీము పోరాటము పుట్టెను. 1940లో జోడేఘాటు కొండలలో ఆ వీరుడు నేలకొరిగెను. అనంతరము నైజాము ప్రభుత్వము గోండుల స్థితిగతులను విచారింపుమని హైమండార్ఫును కోరగా, ఆయన మార్లవాయి గ్రామమున గుడిసె వేసికొని నివసించి, చూచినదానిని నిర్మొగమాటముగా నివేదించెను. ఆ నివేదికలు ఫలించినవి. 1943లో గోండుల విద్యాపథకము మొదలై, మార్లవాయిలో గోండు యువకులే ఉపాధ్యాయులుగా శిక్షణ పొందిరి. నాగరి లిపిలో గోండీ వాచకములు వెలువడెను. 1949 నాటికి లక్ష ఎకరములకు మించిన భూమికి గిరిజనులు పట్టాదారులైరి.

ఇంతటితో కథ సుఖాంతమని చెప్పజాలను. లండనులో ఆచార్యపదవి నిర్వహించి విరమించిన పిదప ఆయన తిరిగి ఆదిలాబాదునకు వచ్చినప్పుడు, తాను ఇప్పించిన భూములలో అనేకములు అప్పుల మూలముగను, కపటపు కౌళ్ల మూలముగను పరహస్తగతములై యుండుట చూచెను. ఏజెన్సీ భూములు గిరిజనేతరులకు చెందరాదని 1970 నాటి నిబంధన స్పష్టముగా శాసించుచున్నను, దానిని అమలుపరచు చేతులు కరవయ్యెను. ఆ వేదననే 1982లో ప్రకటించిన గ్రంథమున ఆయన లోకమునకు చాటెను. దీనివలన మనము గ్రహింపవలసినది స్పష్టము: ప్రజల నెరిగినవారు పీఠములనుండి తొలగినప్పుడు, ఎంతటి మంచి చట్టమైనను కాగితముమీదనే నిలిచిపోవును.

ఎలిజబెత్తు 1987లో కన్నుమూయగా మార్లవాయిలోనే ఆమె సమాధి వెలసెను. 1995లో లండనులో మరణించిన భర్త అస్థికలును తరువాతికాలమున ఆమె చెంతనే నిక్షిప్తములయ్యెను. ఏటేట జనవరి 11వ తేదీన గోండులు అచట గుమిగూడి ఆ దంపతులను స్మరింతురు. ఏ విశ్వవిద్యాలయమును ఇంతకన్న ఘనమైన పట్టమును ప్రసాదింపజాలదు.

పట్టభద్రులారా! మీలో కొందరు తహసీలుదారులై, కొందరు ఉపాధ్యాయులై, వైద్యులై, న్యాయవాదులై గూడెములకు వెళ్లుదురు. అచట మొదట వారి భాష నేర్చుకొనుడు. ఉత్తర్వునకు ముందు వారి మాట వినుడు. వారిని గూర్చి మీరు వ్రాసిన ప్రతి పుటయు వారి భూమికి, బడికి, గౌరవమునకు అక్కరకు వచ్చునట్లు వ్రాయుడు. మీ చదువునకు మూల్యము చెల్లించినవారిలో ఈ విశ్వవిద్యాలయపు గడపనైనను త్రొక్కని ప్రజలున్నారని ఎన్నడును మరువకుడు. ఆ ఋణము తీర్చు శక్తియు, చిత్తశుద్ధియు మీకు కలుగుగాక!