ఎండాకు తెగులు బ్యాక్టీరియా మాటలు తెంపితే

(వడ్డాది రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



చెరకు సంగతే మాట్లాడతామని మీరంతా అనుకుని వచ్చారు. అది భోజనాల తర్వాత ఉంది. ముందు వరి సంగతి, అందులోనూ ఎండాకు తెగులు సంగతి.

గాలివాన వెలిసిన వారానికి మడిలోకి దిగితే ఆకుల కొసల నుంచి, అంచుల వెంబడి, అలలు అలలుగా పసుపు రంగు కిందికి దిగుతూ ఉంటుంది. పొద్దున్నే చూస్తే ఆకు మీద పాల చుక్కల్లాంటివి, ఎండెక్కాక అవే పసుపు పూసల్లా గట్టిపడతాయి. అది చూసి మనమేం చేస్తున్నాం? కొట్టుకు పోతున్నాం. కొట్టాయన ఇచ్చిన చిన్న పొట్లాలు తెచ్చి ట్యాంకులో కలిపి కొడుతున్నాం. మేమూ అదే చేశాం, ఒకసారి కాదు. డబ్బు పోయింది, తెగులు ఆగలేదు.

ఆ పొట్లం మీద అచ్చు చదివించి చూశాం. స్ట్రెప్టోమైసిన్ 90 పాళ్లు, టెట్రాసైక్లిన్ 10 పాళ్లు. మొదటిది క్షయ రోగులకు సూదిగా ఇచ్చే మందు. రెండోదాని జాతిలో మొట్టమొదటిది ఆరియోమైసిన్. అది 1948లో లోకానికి తెలిసినప్పుడు, అమెరికాలో ఆ మందు తీసిన లెడర్లీ పరిశోధనశాలకు పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మనుషుల ప్రాణం నిలబెట్టడానికి తీసిన మందును మనం మళ్లలో పోస్తున్నాం. చచ్చేవి చస్తాయి, మిగిలిన మొండివి పెరుగుతాయి. ఆ మొండితనం మడిలోనే ఉండిపోదు, కాలవ నీళ్లలో, మట్టిలో ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి అందుతుంది. రేపు మన ఇంట్లో పిల్లకు జ్వరమొస్తే మందు పని చేయకపోతే ఎవరిని అడుగుతాం? ఈ రెండు మందులూ పంటల మీద వాడకం ఆపేయాలని 2021 డిసెంబరులో కేంద్రం ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది. ఆపమనడం బాగానే ఉంది. బదులుగా రైతు చేతిలో ఏం పెడతారన్నదే మన ప్రశ్న.

ఇక్కడే మన హైదరాబాదులో జరిగిన ఒక పని చెప్పాలి. చదువు తక్కువ వాళ్లం కాబట్టి మాకు అర్థమైనంత మేరకు చెబుతాం.

ఈ తెగులు తెచ్చే బ్యాక్టీరియా పేరు జాంథోమోనాస్. కంటికి కనబడదు. ఒక్కటి ఒంటరిగా మొక్కనేమీ చేయలేదు, ఆ సంగతి దానికీ తెలుసు. అందుకని ఒక్కొక్కటీ తన ఒంట్లోంచి ఒక రకం కొవ్వు పదార్థాన్ని కొద్దికొద్దిగా బయటికి వదులుతూ ఉంటుంది. చుట్టూ తన జాతివి పదో పాతికో ఉంటే ఆ పదార్థం పలచబడిపోతుంది. లక్షల్లో పోగైతే అది చిక్కబడుతుంది. అప్పుడు అన్నీ ఒక్కసారి పని మార్చుకుంటాయి. మన సంఘమూ అంతే కదా. ఒక్కడు అర్జీ పట్టుకుని వెళ్తే రేపు రమ్మంటారు. చాటింపు వేసి ఊరంతా కదిలితే కుర్చీ వేసి మాట్లాడతారు. ఈ చాటింపు సంగతి మొదట సముద్రంలో వెలుగునిచ్చే ఒక బ్యాక్టీరియాలో 1970లో అమెరికా శాస్త్రవేత్తలు కనిపెట్టారు.

మన వరి సంగతికొస్తే, హైదరాబాదు సీసీఎంబీలో సుభదీప్ చటర్జీ, రమేశ్ సొంటి గార్లు ఈ చాటింపు పదార్థం తయారుచేసే జన్యువు చెడిన జాంథోమోనాస్‌ను వరి మీద పరీక్షించారు. 2002లో అచ్చు వేశారు. మూగబోయిన ఆ బ్యాక్టీరియా తెగులు సరిగా తేలేకపోయింది. ఇనుము తక్కువగా దొరికే చోట పెరగలేకపోయింది. బయటి నుంచి ఇనుము అందిస్తే ఆకులో మళ్లీ పెరిగింది. అంటే దాన్ని చంపలేదు, విషం పోయలేదు. మాట పోయింది, బలం తగ్గింది.

సింగపూరులో ఇంకో దారి పట్టారు. మట్టిలో ఉండే బాసిల్లస్ అనే బ్యాక్టీరియా, పక్కవాటి చాటింపు పదార్థాన్ని తెంపేసే ఎంజైమును తయారుచేస్తుందని 2000లో చూపించారు. ఆ మరుసటేడు ఆ జన్యువును పొగాకు, బంగాళాదుంప మొక్కల్లో పెడితే మెత్తకుళ్లును తట్టుకున్నాయి. అక్కడ చాటింపు పదార్థం వేరు, అదే ఎంజైము మన వరికి పనికొస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇంకా ఒక చిక్కుంది. అమెరికాలో ద్రాక్షతోటలను ఎండబెట్టే జైలెల్లా అనే బ్యాక్టీరియా ఉంది. దాని చాటింపు ఆపేస్తే రోగం తగ్గాల్సింది పోయి పెరిగింది. గుంపు పెరిగాక దాన్ని అదుపులో ఉంచేది ఆ చాటింపేనట. కాబట్టి అక్కడ మాట తెంపడం మానేసి, ఎక్కువ చాటింపు వినిపించి దాన్ని తికమక పెడుతున్నారు. ప్రయోగశాలల్లో మందును తప్పించుకున్న మొండి రకాలూ కనబడ్డాయి. చంపే మందుకన్నా ఒత్తిడి తక్కువ కాబట్టి మొండితనం నెమ్మదిగా వస్తుందని ఆశ, అంతే.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, ‘బ్యాక్టీరియా నోరు మూయించే మందు’ అని రేపు ఎవరైనా రంగు డబ్బా పట్టుకుని వస్తే ముందు అడగండి: ఏ పంట మీద, ఏ బ్యాక్టీరియా మీద, ఏ విశ్వవిద్యాలయం పరీక్షించింది? వరికి అలాంటిది ఇంకా సిఫారసులో లేదు.

ఈలోగా మన చేతిలో ఉన్నదాన్ని వాడుకుందాం. అదే సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి సాంబ మసూరిలోకి ఈ తెగులును తట్టుకునే మూడు జన్యువులు తెచ్చి 2008లో కొత్త రకం విడుదల చేశాయి. సంకరం చేసి తెచ్చిందే, బీటీ పత్తిలాంటిది కాదు. సన్నాలు వేసేవాళ్లు దాని విత్తనం అడగండి. మన పక్క మళ్లకు సరిపోయే రకాల్లోనూ ఆ పని చేయాలని, చాటింపు తెంపే పరిశోధన ప్రభుత్వ సొమ్ముతో జరిగి ఏ కంపెనీ చేతుల్లోకీ పోకూడదని మన సంఘం రాసిన అర్జీ ఆ బల్ల మీద ఉంది. సంతకాలు పెట్టండి. ఆడవాళ్లు ముందు. ఊడ్పుల్లో నారు పట్టుకునేది వాళ్లే.

ఊడ్పులప్పుడు నారు కొసలు తుంచకండి, ఆ గాయంలోంచే బ్యాక్టీరియా దూరుతుంది. తెగులు కనబడితే యూరియా ఆపండి, మడిలో నీళ్లు తీసేయండి, ఆ నీళ్లు పక్కవాడి మడిలోకి వదలకండి. అనుమానమొస్తే కొట్టుకు పోవడానికి ముందు ఎండుతున్న ఆకును పచ్చా ఎండూ కలిసే చోట కోసి, ఆ కొసను గాజు గ్లాసులో తేట నీళ్లలో ముంచండి. కాసేపట్లో పాల దారలా దిగితే ఇది బ్యాక్టీరియానే. దిగకపోతే వేరే సంగతి, వ్యవసాయ సహాయకుణ్ని పిలవండి. గ్లాసులు ఇక్కడ పెట్టాం, ఆకులు తెచ్చినవాళ్లు ముందుకు రండి.