పాన్ సంఖ్య – మన ఇంటిపేరు

ఓరుగల్లు కొత్తవాడలో జంపఖానాలు నేయువారును, ఎనుమాముల మార్కెట్టునకు పత్తి తెచ్చు రైతులును ఆదాయపు పన్ను శాఖవారి పాన్ సంఖ్య యనగానే పన్ను మీదపడునని జంకుట మేమెరుగుదుము. సంఖ్య యున్నంత మాత్రమున పన్ను రాదు. వ్యవసాయాదాయమునకు ఆ పన్నే లేదు. సంఖ్య లేనిచోనే, పన్ను కోయవలసిన బ్యాంకు వడ్డీలో నూటికి 20 వంతున కోత పడును.

ఆధారు గల వయోజనులకు 2020 నుండి ఆ శాఖ వెబ్‌సైటులో ఇది ఉచితముగా లభించుచున్నది. ఆధారుతో జతపడిన ఫోనుకు వచ్చు అంకెలను నమోదు చేయవలెను.

ఇందు తెలుగువారికొక చిక్కు కలదు. మనము ఇంటిపేరును ముందు వ్రాసి, తరచు పొడి అక్షరముతో సరిపెట్టుదుము. పాన్‌లోని పది గుర్తులలో అయిదవది ఇంటిపేరు మొదటి అక్షరము. వెబ్‌సైటు ఆధారులోని పేరునే గ్రహించును. అందు తప్పున్నచో ఇందును తప్పే. బ్యాంకులో ఒక పేరు, కార్డుపై వేరొకటి యైనచో, కోసిన పన్నును తిరిగి రాబట్టుకొనుట కష్టము. కనుక ముందుగా ఆధారును సరిచేయించుకొనుట మేలు.

కార్డుపై వివాహిత స్త్రీకి సైతము భర్త పేరుండదు. తల్లియే ఒంటరిగా పెంచినవారికి 2018 డిసెంబరు 5 నుండి తండ్రి పేరును తప్పనిసరి కాదు. ఒకరికి రెండు సంఖ్యలు చట్టవిరుద్ధము. పాతది గల శ్రోతలు క్రొత్తదానికి గాక, సవరణకు దరఖాస్తు చేయుదురు గాక.