‘మరియు బృందం’ అంటే ఎవరు?

(పశ్చిమ కర్నూలు మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పాటల గురించి మాట్లాడమన్నారు. నేను పాట పాడిన మనిషి పేరు గురించి మాట్లాడతాను. కూలి రేట్లు, గృహహింస, రేషన్ కార్డుల మధ్య ఇదీ ఒక సమస్యేనా అని మీలో కొందరికి అనిపించవచ్చు. చాలాకాలం నాకూ అలాగే అనిపించింది.

2004లో పరిశోధన విద్యార్థినిగా టేప్‌రికార్డరు పట్టుకుని ఎమ్మిగనూరు చేనేత వీధుల్లో తిరిగాను. కండెలు చుట్టే ఒకావిడ ఇంట్లో ఎక్కువగా కూర్చునేదాన్ని. మంచి గొంతు ఆమెది. ఆ చుట్టుపక్కల భజన బృందం ఒకటి క్యాసెట్టు చేసుకుంటూ రెండు పాటలకు ఆమెను పిలిపించుకుంది. ఆమె ఆ బృందంలో మనిషి కాదు, అతిథిగా వెళ్ళి పాడి వచ్చింది. కొన్నాళ్ళకు క్యాసెట్టు వచ్చింది. ఆమె డబ్బులిచ్చి కొనుక్కుంది. నా చేతిలో పెట్టి, “ఇందులో నా పేరు యాడుందో సదివి చెప్పు పాపా” అంది. ముందూ వెనకా తిప్పి చూశాను. బృంద నాయకుడి ఫోటో ఉంది, పేరు ఉంది, పక్కన ‘మరియు బృందం’ అని ఉంది. రికార్డు చేసినవారి చిరునామా ఉంది. “లేదక్కా” అన్నాను. ఆమె క్యాసెట్టు తీసుకుని గూట్లో పెట్టి మళ్ళీ కండెలు చుట్టుకుంటూ కూర్చుంది.

ఆమె చేసే పని గతీ ఇంతే. ఎమ్మిగనూరు చేనేతకారుల సహకార సంఘాన్ని 1938లో స్థాపించిన మాచాని సోమప్ప గారి పేరు ఊరంతటికీ తెలుసు, తెలియాల్సిందే. మగ్గం మీద కూర్చున్న మగవాడి పేరు కూలి లెక్కల్లో ఉంటుంది. కండె చుట్టిన భార్య పేరు, పడుగు దగ్గర చెయ్యి వేసిన కూతురి పేరు మాత్రం కనబడవు. వాళ్ళ శ్రమ ‘ఇంటిపని’లో కలిసిపోతుంది. పాట దగ్గర ‘మరియు బృందం’ అనే మాట చేసేదీ అదే.

ఇది పల్లె గాయనులకే జరిగిన అన్యాయం కూడా కాదు. 1949లో వచ్చిన ‘మహల్’ సినిమా పాట రికార్డు మీద లతా మంగేష్కర్ పేరుకు బదులు తెరమీది పాత్ర ‘కామిని’ పేరు వేశారు. అంతకుముందే, 1902లో కలకత్తాలో గ్రామఫోనుకు పాడిన గౌహర్‌జాన్ పాట చివర తన పేరు తానే చెప్పుకునేది. అందుకే ఆ పాట ఎవరిదో ఈనాటికీ వెతుక్కోనక్కరలేదు.

మరి చట్టం ఏమంటోంది? 1957 కాపీరైటు చట్టం పాట రాసినవారికీ, బాణీ కట్టినవారికీ, రికార్డు చేసినవారికీ హక్కులిచ్చింది, పాడినవారికి ఇవ్వలేదు. 1994 సవరణతో ‘ప్రదర్శకుల హక్కు’ వచ్చింది. ప్రదర్శకుల జాబితాలో గాయకులతోపాటు గారడీవాళ్ళు, పాములాడించేవాళ్ళు కూడా ఉన్నారు. 2012లో చేర్చిన 38బి సెక్షన్ ప్రకారం, తన ప్రదర్శనకు తన పేరు చెప్పమని అడిగే హక్కు ప్రదర్శకులకు ఉంది. మిగతా హక్కులు రాసిచ్చేసినా ఈ హక్కు పోదు. వాడుకునే తీరువల్ల పేరు చెప్పడం కుదరని సందర్భాలకే మినహాయింపు.

కానీ ఇదే చట్టంలోని 52ఎ సెక్షన్ చూడండి. రికార్డు మీదా దాని కవరు మీదా తప్పనిసరిగా ఉండాల్సినవి మూడు: తయారుచేసినవారి పేరు, చిరునామా, కాపీరైటు యజమాని పేరు, చిరునామా, మొదట వెలువడిన సంవత్సరం. పాడినవారి పేరు వీటిలో లేదు. అంటే యజమాని పేరు చట్టమే వేయిస్తుంది. గాయని పేరు మాత్రం ఆమె అడిగితేనే పడుతుంది. చదువురాని ఆడమనిషి ఎవరిని, ఎప్పుడు అడుగుతుంది?

పేరు అడగడం గొప్ప కోసం కాదు. గాయకుల రాయల్టీ కోసం 2013లో ఇండియన్ సింగర్స్ రైట్స్ అసోసియేషన్ ఏర్పడింది. ఎక్కడా పేరులేని మనిషి ఆ గొంతు తనదేనని ఏం ఋజువు చూపిస్తుంది? ఇంకో ఊరివాళ్ళు పాడమని పిలవాలన్నా ఎవరని పిలుస్తారు?

ఇక మన సంగతి. నా సిద్ధాంత గ్రంథంలో ఆమె పాటలు మూడున్నాయి. వాటి కింద ‘ఎమ్మిగనూరు చేనేత మహిళ’ అని రాశాను. అట్ట మీద నా పేరుంది, దాని ముందు ‘డాక్టర్’ కూడా చేరింది. ఆ బృంద నాయకుడి మీద కోపం తెచ్చుకున్న నేను చేసింది కూడా అదే. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు వారి పేర్లతోనే అచ్చయ్యాయి. ఆ పుస్తకం చదివి కూడా నేను నేర్చుకోలేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఆదోనిలో ఒకసారి పాడిన అమ్మాయి, “మా ఇంట్లో తెలిస్తే కష్టం మేడమ్, నా పేరెయ్యొద్దు” అంది. వెయ్యమనే హక్కు ఎంతో వద్దనే హక్కూ అంతే. నిర్ణయం పాడిన మనిషిదే. ఇవాళ నేను ఆ అక్క పేరు మీకు చెప్పకపోవడానికి కారణమూ ఇదే: ఆమెను నేను ఇంకా అడగలేదు. రేపు ఎమ్మిగనూరు వెళ్ళేది అందుకే.

మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఫోనులో పాట రికార్డు చేసే ముందు, ఆమె ఒప్పుకుంటే, ఆమె పేరూ ఊరూ ఆమె గొంతుతోనే చెప్పించండి. ఎవరి రికార్డుకైనా అతిథిగా వెళ్తుంటే, పేరు ఎక్కడ వేస్తారో, ఎంత ఇస్తారో ముందే కాగితం మీద రాయించి, ఆమెకు చదివి వినిపించండి. ఇదివరకే వీడియోలుగా పెట్టిన పాటల కింద పేర్లు ఇప్పుడైనా చేర్చవచ్చు. మన ప్రచురణల్లో ‘మరియు బృందం’ అని రాయడం మానేద్దాం. చోటు చాలకపోతే నాయకుల ఫోటో చిన్నది చేద్దాం.

ఈ ఉదయం నలుగురు పాడిన పాటతో సమావేశం మొదలైంది. ఇందాక మినిట్స్ పుస్తకం చూశాను. ‘కార్యకర్తలు పాట పాడారు’ అని ఉంది. ఆ నలుగురినీ అడిగి, ముందు ఆ వాక్యం దిద్దుదాం.