విన్నోనికి ఎక్కితేనే మాట

(తెల్లాపూర్‌ల విద్యార్థులు, ఉద్యోగులు, కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనిషికీ మనిషికీ నడుమ మాట ఎట్ల నడుస్తదో ఇయ్యాల ముచ్చట పెట్టుకుందాం. 1948ల క్లాడ్ షానన్ అనే అమెరికా ఇంజనీరు దీనికొక లెక్క కట్టిండు. చెప్పేటోడు, వినేటోడు, నడుమ ఒక దారి, ఆ దారిల రొద. రొదను తట్టుకొని సందేశం అవతలికి చేరాలె. అయితే ఆయన చూసింది టెలిఫోను తీగల సంగతి. అర్థంతోని తన లెక్కకు పని లేదని ఆయనే రాసిండు. మనకు కావాల్సింది ఆ అర్థమే.

అర్థం మాటల మూటగట్టి ఉండదు. ఇద్దరికీ ఉమ్మడిగా తెలిసినదాంట్లకెళ్లి పుడ్తది. ‘పైలం’ అంటే ఈ ఊరి అవ్వకు ప్రాణం కాపాడే మాట. ఇక్కడ అపార్ట్‌మెంట్లు కట్టే ఒడిశా కూలీకి అది ఉత్త సప్పుడు.

ఇంకో అడ్డంకి ఉన్నది. వినొల్లకపోవుడు. 1921 నవంబరుల హైదరాబాద్ వివేకవర్ధినిల సంఘ సంస్కార సభ జరిగింది. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు సాఫీగ నడిచినయి. వకీలు ఆలంపల్లి వెంకటరామారావు తెలుగుల మాట్లాడంగనే గోల చేసిన్రు. ఆయన గొంతు అందరికీ వినబడ్డది. కానీ ఎవరూ చెవి పెట్టలేదు. ఆ అవమానంలకెళ్లే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1930ల మన జోగిపేటల ఆంధ్ర మహాసభ మొదటి సభ జరిగింది. 1956 తర్వాతనన్న మర్యాద దక్కిందా? తెలుగోళ్ల సినిమాలే మన యాసను రౌడీకి, జోకర్‌కు అంటగట్టినయి.

మాట దక్కనోని బాధ మనకు తెలుసు. మరి ఇయ్యాల పటాన్‌చెరు, పాశమైలారంల బీహార్, ఒడిశా కార్మికులు ఎక్కడ నిలబడ్డరు? 2025 జూన్ 30న పాశమైలారం ఫార్మా కంపెనీ పేలుడుల 50 మందికి పైగా సచ్చిపోయిన్రు. అండ్ల శానమంది వేరే రాష్ట్రాలోళ్లే. ఆ పేలుడు కారణాలు వేరే ముచ్చట. కానీ ప్రమాదం బోర్డు ఏ భాషల ఉన్నదని ప్రతి గేటు కాడ మనం అడగాలె.

పని చెప్పేటోళ్లకు ఒక్క మాట. ‘అర్థమైందా?’ అని అడగొద్దు. నౌకరి పోతదన్న భయంతోని ఎవలైనా తలూపుతరు. ‘మంట లేస్తే ఏం చేస్తవ్, ఎటు ఉరుకుతవ్?’ అని అడుగున్రి. వాళ్ల భాషల వాళ్లనే చెప్పనియ్యున్రి. ఆ జవాబు సరిగ్గ వచ్చినప్పుడే మీరు చెప్పినట్టు.