జరిమానాతో కేసు ముగుస్తుంది, నమోదు ముగియదు

(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పట్టణాలలో యువకులు, తల్లిదండ్రులు, మస్జిద్ కమిటీ పెద్దలతో జరిగిన సమావేశాలలో చేసిన ప్రసంగ పాఠం)



ముస్లింల హక్కులు అనగానే వక్ఫ్ భూములు, రిజర్వేషన్లు, పెద్ద పెద్ద కేసులు గుర్తుకు వస్తాయి. ఈరోజు మేము చాలా చిన్న కేసు గురించి మాట్లాడదలచాము. ఎంత చిన్నదంటే, అది పడిన కుర్రవాడు ఇంట్లో కూడా చెప్పడు.

రాత్రి పొద్దుపోయాక బస్టాండు దగ్గర నలుగురు కుర్రవాళ్లు బూతులు తిట్టుకున్నారని, తాగి గొడవ చేశారని, దారిన పోయేవారికి ఇబ్బంది కలిగించారని పోలీసులు కేసు రాస్తారు. కొన్నాళ్లకు కోర్టుకు రమ్మంటారు. పేరు పిలుస్తారు. మేజిస్ట్రేటు గారు ఆరోపణ వినిపించి, నేరం ఒప్పుకుంటున్నావా అని అడుగుతారు. 'ఒప్పుకుంటున్నాను సార్' అంటాడు. జరిమానా కట్టి, రసీదు జేబులో పెట్టుకుని, మధ్యాహ్నానికి మెకానిక్ షెడ్డుకో ఆటో స్టాండుకో వెళ్లిపోతాడు. పీడ విరగడైందనుకుంటాడు.

రెండు మూడేళ్లకు అదే కుర్రవాడు కానిస్టేబుల్ పరీక్ష రాసి, పరుగులో నెగ్గి, ఎంపికవుతాడు. అప్పుడు చేతికి ధ్రువీకరణ పత్రం వస్తుంది. మీపై ఎప్పుడైనా కేసు నమోదైందా, న్యాయస్థానం శిక్ష విధించిందా అన్న ప్రశ్నలు అందులో ఉంటాయి. మేము ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా గడిపినవాళ్లం. ఆ గడి దగ్గర కలం ఆగిపోయిన చేతులను చూశాము. 2007 చట్టంతో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. అంత పోరాడి తెచ్చుకున్న అవకాశం వెయ్యి రూపాయల రసీదు దగ్గర చేజారిపోకూడదన్నదే మా తపన.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. బహిరంగ ప్రదేశంలో ఇతరులకు చికాకు కలిగేలా అశ్లీల చేష్టలు చేయడం, అశ్లీలమైన మాటలు అనడం, పాటలు పాడడం పాత శిక్షాస్మృతిలో 294వ సెక్షను కింద నేరం. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 296వ సెక్షను అయింది. శిక్ష మూడు నెలల వరకు ఖైదు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇది బెయిలుకు అర్హమైన నేరం. అంటే బెయిలు దయ కాదు, హక్కు. బహిరంగ ఉపద్రవానికి వర్తించే 292వ సెక్షనులో వెయ్యి వరకు జరిమానా మాత్రమే ఉంది. తాగి బహిరంగంగా అనుచితంగా ప్రవర్తించినందుకు 355వ సెక్షనులో ఒక రోజు సాధారణ ఖైదు, జరిమానా, లేదా సమాజ సేవ ఉన్నాయి. మహబూబాబాద్, జనగామ రైల్వే స్టేషన్లలోనో రైలు పెట్టెలోనో ఇలాంటిది జరిగితే 1989 నాటి రైల్వే చట్టం 145వ సెక్షను వర్తిస్తుంది.

ఈ సెక్షన్ల మధ్య తేడా తెలుసుకోవడం అవసరం. ప్రతి తిట్టూ అశ్లీలం కాదు. వట్టి దూషణ, అవమానకరమైన మాట ఉన్నంత మాత్రాన 294 వర్తించదని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. ఇతరులకు చికాకు కలిగిందని కూడా రుజువు కావాలి. కనుక చేయని తప్పును, 'ఒక్క పూటలో తేలిపోతుందిలే' అని ఒప్పుకోవడం తెలివి కాదు. మేజిస్ట్రేటు నేరాంగీకారాన్ని వీలైనంతవరకు నిందితుడి మాటల్లోనే నమోదు చేయాలని చట్టం చెబుతోంది. ఒకసారి ఒప్పుకుంటే, శిక్ష ఎక్కువైందనో చట్టబద్ధం కాదనో తప్ప అప్పీలు చేసుకునే దారి దాదాపు మూసుకుపోతుంది.

లోక్ అదాలత్ విషయంలో మనవారికి పెద్ద అపోహ ఉంది. అక్కడ తేలినదంతా రాజీయే అనుకుంటారు. రాజీకి వీలైన నేరంలో ఇరుపక్షాలు రాజీపడితే నిందితుడు నిర్దోషిగా విడుదలైనట్టే. కానీ 296వ సెక్షను రాజీకి వీలైన నేరాల పట్టికలో లేదు. రాజీకి వీలులేని నేరాన్ని లోక్ అదాలత్ పరిష్కరించరాదని 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టమే చెబుతోంది. అలాంటి చిన్న కేసులో ఆ రోజున పిలిపించి జరిమానా కట్టించుకుంటే, అది రాజీ కాదు, నేరాంగీకారం. కాగితం మీద మిగిలేది శిక్ష. సంతకం చేసే ముందు 'ఇది రాజీయా, నేరాంగీకారమా' అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు ఖర్చేమీ లేదు.

ఇరవై రూపాయల జరిమానా ఒక మనిషిని ఎంత దూరం తరిమిందో చెబుతాము. హరియాణాలో ఒక నాలుగో తరగతి ఉద్యోగి 1980లో ఇదే 294 కింద నేరం ఒప్పుకుని 20 రూపాయలు కట్టాడు. తరువాత ఆ కారణంతోనే అతని ఉద్యోగం పోయింది. నైతిక పతనమున్న నేరమన్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 294 కింద శిక్ష పడినంత మాత్రాన నైతిక పతనం అనలేమని కోర్టు 1996లో తీర్పు చెప్పి అతనికి న్యాయం చేసింది. వేలాదిమంది, అందులోనూ లోకానుభవం లేని యువకులు, చిన్న జరిమానాలు కట్టి బయటపడుతున్నారనీ, దానితో వారి భవిష్యత్తు ముగిసిపోరాదనీ, పార్లమెంటు ఈ సంగతి ఆలోచించాలనీ సూచించింది. తీర్పు గొప్పది. కానీ ఢిల్లీ దాకా వెళ్లే స్తోమత మన ఆటో డ్రైవరు కొడుకుకు ఉందా?

కనుక దారి మన ఊరి కోర్టులోనే వెతుక్కోవాలి. అది ఉంది. 1958 నాటి నేరస్థుల పరివీక్షణ చట్టం, అంటే ప్రొబేషన్ చట్టం, 3వ సెక్షను చూడండి. రెండేళ్లకు మించని ఖైదు ఉన్న నేరంలో, అంతకుముందు శిక్ష లేనివారిని కోర్టు మందలించి విడిచిపెట్టవచ్చు. అలా విడిచినవారికి శిక్ష వల్ల కలిగే అనర్హత వర్తించదని 12వ సెక్షను చెబుతోంది. తప్పు నిజంగా చేసి, ఒప్పుకోదలచినవారు 'జరిమానా ఎంత' అని అడగకముందు, 'నాకు ఈ చట్టాన్ని వర్తింపజేయండి' అని న్యాయవాది ద్వారా వేడుకోవాలి. అడగనివారికి అది గుర్తుచేసేవారు కోర్టులో అరుదు. అయితే కేసు జరిగిందన్న వాస్తవం దీనితో చెరిగిపోదు.

అందుకే ధ్రువీకరణ పత్రంలో నిజమే రాయండి. 2016 జూలైలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ విషయంలో మార్గదర్శకాలు ఇచ్చింది. కేసు స్వల్పమైనదైతే అధికారులు దానిని విజ్ఞతతో పరిశీలించి ఉపేక్షించవచ్చన్నది. దాచిపెట్టడం మాత్రం అసలు తప్పుకంటే పెద్ద తప్పుగా మారే ప్రమాదముంది. పద్దెనిమిదేళ్లు నిండకముందు జరిగిన సంగతి వేరు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 24వ సెక్షను ఆ పిల్లలకు అనర్హత అంటకుండా కాపాడుతోంది.

మా మాటను ఎవరూ అపార్థం చేసుకోవద్దు. ఆడపిల్లను వెంటాడినవాడికీ, ఆమెను చూసి నీచమైన మాటలన్నవాడికీ తప్పించుకునే దారి మేము చూపడం లేదు. అలాంటి మాటలనడం 79వ సెక్షను కింద మూడేళ్ల వరకు ఖైదు ఉన్న వేరే నేరం. హయా మన ఈమాన్‌లో భాగమని పిల్లలకు నేర్పేవాళ్లం మనం. బజారులో నాలుక అదుపులో పెట్టుకోమని కొడుక్కి చెప్పడం తండ్రి బాధ్యత. తప్పుకు తగిన శిక్ష ఉండాలి. అయితే ఒక రాత్రి నోరు జారినందుకు ముప్పై ఏళ్ల జీవనోపాధి పోవడం తగిన శిక్ష కాదు.

2016 అక్టోబరు 11న ఈ మూడు పట్టణాలు జిల్లా కేంద్రాలయ్యాయి. 2022 జూన్ 2 నుండి జిల్లా న్యాయస్థానాలు వచ్చాయి. ఒకప్పుడు జిల్లా కోర్టు పనికి వరంగల్ వెళ్లవలసి వచ్చేది. ఇప్పుడు ఆ మెట్లు మన వాకిట్లో ఉన్నాయి. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, నిర్బంధంలో ఉన్నవారికి, నిర్ణీత ఆదాయంలోపు పేదలకు ఉచిత న్యాయవాదిని పొందే హక్కుంది. 15100 నంబరుకు ఫోను చేస్తే చాలు.

మస్జిద్ కమిటీ పెద్దలకు ఒక విన్నపం. జుమా నమాజు అయ్యాక ఐదు నిమిషాలు కేటాయించి, కోర్టు పిలుపు వచ్చిన కుర్రవాడు ఒంటరిగా వెళ్లవద్దని చెప్పండి. మందలిస్తారనే భయంతోనే వాడు ఇంట్లో చెప్పడు. ముందు వెంట వెళ్లండి. మందలింపు ఇంటికి వచ్చాక చూసుకోవచ్చు.

సెలవు. ఖుదా హాఫిజ్.