అంగడి బోర్డుల అక్షరములు



నేడు నేను ప్రస్తావింపబోవు విషయము చిన్నదిగా తోచవచ్చును. దుకాణముల నొసట, బియ్యపుమిల్లుల గోడలపై, లారీల వెనుక, బడి ప్రహరీలపై కుంచెతో వ్రాసిన అక్షరములను గూర్చి ముచ్చటింప దలచితిని. ఆ అక్షరములు చెప్పు మాటను మనము చదువుదుము. అక్షరమును మాత్రము చూడము. ఇప్పుడు చూడవలసి వచ్చినది, ఏలయన అవి యొక్కొక్కటిగా పోవుచున్నవి.

పాతిక ముప్పది యేండ్ల క్రిందట మా కోటబొమ్మాళిలో అంగడి తెరచువాడు ముందుగా పెయింటరును పిలిపించెడివాడు. అతడు ఇనుపరేకును గరుకుకాగితముతో రుద్ది, పూత పూసి, సుద్ద రాచిన దారమును రెండు చివరల బిగబట్టి ఒక్కమారు మీటి విడిచెడివాడు. రేకుపై తెల్లని గీత పడెడిది. అట్టిది పైన నొకటి, క్రింద నొకటి. ఆ రెంటి నడుమ సుద్దతో అక్షరమును లేతగా గీచి, పిమ్మట ఎనామిల్ రంగులో ముంచిన కుంచెతో దిద్దెడివాడు. అంచులకు నీడ వేయుట చివరిపని. ఇప్పుడు ఫ్లెక్సీ కొట్టునకు పోయి పేరు చెప్పిన చాలును, కొంతసేపటికే బోర్డు చేతికి వచ్చును. వెల తక్కువ, వేగ మెక్కువ. వ్యాపారము చేసికొనువానిని తప్పుపట్టుట న్యాయము కాదు. 2022 ఆగస్టులో రాష్ట్రప్రభుత్వము ఫ్లెక్సీలను నిషేధింతుమని ప్రకటించినను కూడళ్లలో వానికి కొదువ రాలేదు. నా విచారము వేఱు. టెక్కలిలోను, నరసన్నపేటలోను, పలాసలోను ఇప్పుడు అవే అక్షరములు. ఏ యూరి చేతివ్రాతయు కానివి.

మా ఊరి పేరునే తీసికొందము. అయిదక్షరములు. కో యందు ఓత్వము పైకి లేచును. ళి యందు గుడి పైననే నిలుచును. మ్మా యందో, దీర్ఘము కుడిప్రక్కకు సాగగా, మకారపు ఒత్తు గీత దాటి దిగిపోవును. ట ఒక్కటియే బుద్ధిగా తన గీతల నడుమ కూర్చుండును. ఇంగ్లీషు పెద్దక్షరము లన్నియు ఒకే యెత్తున బారులు తీరును; మన పంక్తి అట్టిది కాదు. ఉద్దానపు తోటలో కొబ్బరి పైకిని, జీడిమామిడి ప్రక్కకును పోయినట్లుండును.

ఆ ఒత్తు క్రిందిపంక్తి తలకట్టులకు తగులకుండ పెయింటరు ఏమి చేయును? క్రిందిపంక్తిలో రెండు మాటల నడుమనుండు ఖాళీని సరిగా ఆ ఒత్తు దిగుచోటికి జరుపును. చోటు చాలనిచో ఒత్తును కొంచెము ఎడమకు లాగి, ప్రక్క అక్షరము క్రిందనున్న ఖాళీలో ఇముడ్చును. విస్తరిలో వడ్డన తెలిసినవాని నేర్పువంటి దది. కంప్యూటరు అక్షరమునకు ఈ చూపు లేదు. ఎచ్చటనైన ఒత్తు రావచ్చునని పంక్తులన్నిటి నడుమను ఒకే చోటు విడుచును. అందుచే అక్షరము చిన్నదగును. లేదా చోటు మిగుల్చుకొనుటకై ఒత్తును నలిపివేయుదురు. దూరమునుండి చూచు ముసలికండ్లకు అది క్క యో త్త యో తెలియదు.

తెలుగక్షరము సాధనమును బట్టి రూపు మార్చుకొనుట క్రొత్త కాదు. తాటాకుపై గంటముతో గీచినప్పుడు గీత అంతయు ఒకే సన్నన. ఈనె వెంబడి నిడుపుగీత గీచిన ఆకు చీలునని గుండ్రముగా త్రిప్పిరని పండితులు చెప్పుదురు. 1746లో బెంజమిన్ షుల్ట్జ్ అను క్రైస్తవ బోధకుడు జర్మనీదేశపు హాలే నగరమున తెలుగు పుస్తకమును అచ్చువేయించెను. అచ్చులోనికి వచ్చిన అక్షరము సీసపు దిమ్మెకు తగినట్లు ఒదిగినది. కుంచె దానికి లావు సన్నములను చేర్చినది. అడ్డముగా పోవునప్పుడు ఒక మందము, నిలువున దిగునప్పుడు ఒకటి, మలుపున వేఱొకటి. ర అను అక్షరమంతయు మలుపే గదా. పెయింటరు చేయి ఎట్టిదో దానియందే తెలిసిపోవును.

ఈ బోర్డులను చూచి నేను కంప్యూటరుకు పనికివచ్చు అక్షరములను, అనగా ఫాంటును, గీయుచున్నాను. యూనికోడ్ అను అంతర్జాతీయ సంకేతపట్టికలో తెలుగునకు 1991 నుండి చోటు కలదు. అది అక్షరమునకు సంఖ్య నిచ్చునుగాని రూపము నీయదు. రూపము గీచువాని బాధ్యత. చిక్కేమనగా, ఒక పెయింటరు ఊరంతయు వ్రాసిన బోర్డులను ప్రోగుచేసినను వర్ణమాల పూర్తికాదు. క, ర, స కావలసినన్ని దొరకును. స్టోర్సు అను ఒక్కమాట రెండు ఒత్తుల నిచ్చును. ఢ యెక్కడ? ఢంకా లమ్మువాడు మా సంతలో లేడు. అట్టివానిని చుట్టఱికమును బట్టి రాబట్టవలెను. డ క్రింద చిన్నగీత చేర్చిన ఢ, ద క్రింద చేర్చిన ధ, ప క్రింద చేర్చిన ఫ. ఆ గీత ప కడుపులోనికి వచ్చినచో ష. అయితే గీత ఎంత లావుండవలెను, ఎంత వాలవలెను? పెయింటరు ప వ్రాయునపుడు కుంచెను ఎచ్చట ఒత్తి, ఎచ్చట ఎత్తెనో పదింటిని చూచిన గాని తెలియదు.

పిమ్మట గుణింతములు, ఒత్తులు. ప్రక్క అక్షరమును బట్టి ఒత్తు జరుగునట్లు ఫాంటులోనే ఆజ్ఞలు వ్రాయవచ్చును. పెయింటరు చూపును యంత్రమునకు నేర్పుట ఇదియే, అదియు కొంతమేర. క్రిందిపంక్తిలో ఏమున్నదో ఫాంటుకు కనబడదు. పెయింటరుకు బోర్డంతయు కనబడును.

తెలుగున మంచి ఫాంటులు లేవని కాదు. పురుషోత్ కుమార్ గుత్తుల అనేకము రూపొందించిరి. అమెరికాలోని తెలుగువారి సంస్థయైన సిలికానాంధ్ర వానిని అందఱికి ఉచితముగా నిచ్చినది. అందొకదానికి గిడుగు అని పేరు. గిడుగు రామమూర్తి 1863లో మన జిల్లాలోని పర్వతాలపేటలో జన్మించినవారు. వ్యవహారభాషకై పోరాడిన ఆయన పేరిటి అక్షరములను గూర్చి నేనిట్లు గ్రాంథికమున మాటలాడుట వినినచో ఆయన ఊరకుండియుండరు!

ఇంక నన్ను కలచు ప్రశ్న. బోర్డు అంగడివానిది, అక్షరము ఎవనిది? పలు బోర్డుల మూలలందు పెయింటరు పేరు చిన్నగా నుండును. ఆ చేతివ్రాతను నేను ఫాంటుగా మార్చినచో నా కేమైన వచ్చును, అతని కేమి? ఢిల్లీలో హనీఫ్ కురేషి అను చిత్రకారుడు దీనికి మార్గము చూపెను. వీథి పెయింటర్లచేతనే వర్ణమాల వ్రాయించి, దానిని ఫాంటు చేసి, వారి పేరే పెట్టి, వచ్చిన సొమ్ములో వారికి భాగమిచ్చెను. పెయింటర్ కఫీల్ అను ఫాంటు అట్టిది. కురేషి 2024 సెప్టెంబరులో మరణించెను. మా పెయింటర్లలో బ్రతికియున్నవారి ఢ ను నేనూహించుట తగదు. కూలి యిచ్చి వారిచేతనే వ్రాయింపవలెను, పేరు వారిది పెట్టవలెను.

పెద్దలారా, మీ యూళ్లలో ఇట్టి బోర్డులున్నచో, కొత్తమ్మతల్లి జాతరకో సంక్రాంతికో సున్నము వేయించుటకు ముందు ఇంటనున్న కుఱ్ఱవానిచేత ఫొటో తీయింపుడు. బోర్డునకు సరిగా ఎదురుగా నిలిచి, ప్రొద్దుటి లేత యెండలో, నాలుగు మూలలును కనబడునట్లు తీయవలెను. ప్రక్కన ఒక అడుగుబద్ద నుంచిన అక్షరపు కొలత తెలియును. వ్రాసినవారెవరో, ఏ యేట వ్రాసిరో మీకే తెలియును గనుక అదియు వ్రాసి యుంచుడు. పశువులపాకకు కప్పుగా వేసిన పాతరేకులను లోపలినుండియు చూడుడు. వానకు, ఎండకు తగులక అక్షరములు ఆ వైపున నిలిచియుండవచ్చును.